మజిల్‌లోడర్ వేటలో పెల్లెట్ మందు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో చాలా రాష్ట్రాలు జింకల వేటకు విల్లు, మజిల్‌లోడర్, మామూలు రైఫిల్ అంటూ వేర్వేరు సీజన్లు కేటాయిస్తాయి. మూతి వైపు నుంచి మందు, గుండు కూరి పేల్చే మజిల్‌లోడర్‌ను కొత్తగా పట్టుకున్నవారు దుకాణానికి వెళ్లగానే ఎదురయ్యే మొదటి చిక్కు మందు ఎంపిక. పొడి మందు కొనాలా, బిళ్లల రూపంలో వచ్చే పెల్లెట్లు కొనాలా, పెల్లెట్లయితే ఏ రకం, ఎన్ని అన్న సందేహాలకు ఇక్కడ సమాధానాలున్నాయి. మీ తుపాకితో వచ్చిన మాన్యువల్‌లోని మాటకూ ఇక్కడి మాటకూ తేడా కనిపిస్తే మాన్యువల్‌నే పాటించండి.

పెల్లెట్ మందు అంటే ఏమిటి?

పొడిగా ఉండే బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్ల తుపాకి మందు) ప్రత్యామ్నాయాన్ని ఫ్యాక్టరీలోనే నిర్ణీత మోతాదులో, చిన్న స్తూపాకారపు బిళ్లగా నొక్కి తయారు చేస్తే అది పెల్లెట్. సాధారణంగా దాని మధ్యలో పొడవునా ఒక రంధ్రం ఉంటుంది. మందును అంటించే చిన్న టోపీ లాంటి ప్రైమర్ నుంచి వచ్చే మంట ఆ రంధ్రంలోంచి దూసుకుపోయి బిళ్లను లోపలి నుంచి కూడా అంటిస్తుంది. దీనివల్ల వేటగాడు అడవిలో కొలపాత్ర పట్టుకుని మందు కొలవనక్కర్లేదు. గాలికి పొడి చెదిరిపోతుందన్న బాధా లేదు. చలికి వేళ్లు మొద్దుబారిన ఉదయం రెండు బిళ్లలను బ్యారెల్‌లోకి జారవిడవడం, పొడిని కొలిచి పోయడం కంటే ఎంత తేలికో ఒక్కసారి చేసినవారికి అర్థమవుతుంది.

అసలైన బ్లాక్ పౌడర్ ఉండగా ప్రత్యామ్నాయాలు ఎందుకు వచ్చాయి?

బ్లాక్ పౌడర్ చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. అందుకే అమెరికా ఫెడరల్ చట్టం దానిని పేలుడు పదార్థంగా చూస్తుంది. అమ్మేవారికి లైసెన్సు, ప్రత్యేక నిల్వ ఏర్పాట్లు ఉండాలి. ఆ బాదరబందీ ఎందుకని చాలా దుకాణాలు దానిని పెట్టడమే మానేశాయి. ఈ ఖాళీని పూరించడానికి డాన్ పావ్‌లాక్ అనే వ్యక్తి పైరోడెక్స్ అనే మందును రూపొందించగా, కాన్సాస్‌కు చెందిన హాజ్‌డన్ పౌడర్ కంపెనీ దానిని 1976లో మార్కెట్లోకి తెచ్చింది. పైరోడెక్స్ అంటుకోవడానికి బ్లాక్ పౌడర్ కంటే ఎక్కువ వేడి కావాలి. ఆ కారణంగానే రవాణా, నిల్వ నిబంధనలు దానికి కొంత సడలాయి. అలాగని అది నిరపాయకరం కాదు. పావ్‌లాక్ స్వయంగా 1977 జనవరిలో తన ప్లాంటులో జరిగిన ప్రమాదంలో మరణించారు.

అసలు మందు సరఫరా కూడా ఒక దశలో ప్రశ్నార్థకమైంది. లూసియానాలోని మిండెన్‌లో గోఎక్స్ బ్లాక్ పౌడర్ తయారుచేసే ప్లాంటును మూసివేస్తున్నట్టు 2021లో ప్రకటన వచ్చింది. మరుసటి సంవత్సరం ఎస్టెస్ ఎనర్జెటిక్స్ ఆ వ్యాపారాన్ని కొనడంతో గోఎక్స్ పేరు నిలిచింది. ఆ మధ్యకాలంలో చెకుముకి రాయితో పేలే పాత తరహా ఫ్లింట్‌లాక్ తుపాకులు వాడేవారు పడిన ఆందోళన ఇంతా అంతా కాదు, ఎందుకంటే వారికి ప్రత్యామ్నాయం దాదాపు లేదు. దానికి కారణం కింద మరో ప్రశ్నలో వస్తుంది.

ఇప్పటివరకు వచ్చిన పెల్లెట్లలో ముఖ్యమైనవి ఏవి? కొత్తవాటిలో మార్పు ఏమిటి?

పైరోడెక్స్ పెల్లెట్లు 1990ల దశకంలో వచ్చాయి. వీటిలో గంధకం ఉంటుంది, కాల్చాక కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. పెల్లెట్ ఒక చివర నల్లగా ఒక పొర కనిపిస్తుంది. అది సులువుగా అంటుకునే అసలు బ్లాక్ పౌడర్ పొర. ఆ చివర ప్రైమర్ వైపు, అంటే బ్యారెల్ అడుగుకు ఉండేలా వేయాలి. తిరగేసి వేస్తే మంట అందక ఆలస్యంగా పేలడమో, అసలు పేలకపోవడమో జరగవచ్చు.

తరువాత హాజ్‌డన్ సంస్థే తెచ్చిన ట్రిపుల్ సెవెన్‌లో గంధకం లేదు. వాసన తక్కువ, నీటితోనే శుభ్రమవుతుంది, శక్తి ఎక్కువ. దీని పొడి రూపాన్ని వాడేవారు బ్లాక్ పౌడర్‌తో సమానమైన వేగం కావాలంటే కొలతను 15 శాతం తగ్గించుకోవాలని తయారీదారే చెప్పారు. వైట్ హాట్స్ అనేవి పేరుకు తగ్గట్టు తెల్లటి పెల్లెట్లు. వాటిలోనూ గంధకం లేదు. అమెరికన్ పయొనీర్ సంస్థ విటమిన్-సి ఆధారంగా చేసిన మందును కూడా ఇలాగే ముందే నొక్కిన రూపంలో అమ్మింది. దాని మసి మెత్తనిదని మెచ్చుకున్నవారు ఉన్నారు.

కొత్తగా వచ్చిన ట్రిపుల్ సెవెన్ ఫైర్‌స్టార్‌లో రసాయనం కంటే ఆకారం ముఖ్యం. మామూలు పెల్లెట్‌లో మంట పట్టే చోటు ప్రధానంగా మధ్య రంధ్రం, అడుగు భాగమే. ఫైర్‌స్టార్‌ను నక్షత్రంలా గాడులతో మలచడం వల్ల మంటకు ఎక్కువ ఉపరితలం దొరుకుతుంది. అంటుకోవడం ప్రతిసారీ ఒకేలా జరగాలన్నది ఉద్దేశం. పెల్లెట్లలో మొదటి నుంచీ ఉన్న బలహీనత కూడా అక్కడే కాబట్టి, ఈ మార్పును వ్యాపారపు హంగుగా కొట్టిపారేయనక్కర్లేదని నా అభిప్రాయం.

బ్లాక్‌హార్న్ 209 పేరు తరచూ వినిపిస్తుంది, అది పెల్లెట్టా?

కాదు. 2008లో వెస్టర్న్ పౌడర్స్ తెచ్చిన బ్లాక్‌హార్న్ 209 పొడి మందు. మసి చాలా తక్కువ, తుప్పు పట్టించే గుణం తక్కువ, ఖరీదు మాత్రం ఎక్కువ. దానికి బలమైన 209 ప్రైమర్, దానికి సరిపడే బ్రీచ్ ప్లగ్ (బ్యారెల్ వెనుక భాగాన్ని మూసే మర) ఉండాలి. శుభ్రం చేయడానికి నీరు కాకుండా సాల్వెంట్ వాడాలి. పెల్లెట్ల సౌలభ్యం వద్దు, కచ్చితత్వమే కావాలనుకునేవారు ఎక్కువగా దీని వైపే వెళ్తున్నారు.

పెట్టె మీద ఉన్న ‘50 గ్రెయిన్లు’ అంటే బరువా?

గ్రెయిన్ చిన్న తూకపు ప్రమాణమే అయినా ఇక్కడ బరువు కాదు. 50 గ్రెయిన్ల బ్లాక్ పౌడర్ ఎంత పరిమాణం ఆక్రమిస్తుందో, దానికి సమానమైన మోతాదు అని అర్థం. ప్రత్యామ్నాయ మందులు బ్లాక్ పౌడర్ కంటే తేలిక కాబట్టి పెల్లెట్‌ను త్రాసులో వేస్తే అంతకంటే తక్కువ తూగుతుంది. కొత్తవారు ఇక్కడే పొరబడి, తక్కువ బరువు చూసి ఇంకో ముక్క కలపాలనుకుంటారు. ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు.

రెండు పెల్లెట్లు వేయాలా, మూడు వేయాలా?

.50 క్యాలిబర్ ఇన్‌లైన్ (ప్రైమర్ నేరుగా మందు వెనకే ఉండే) తుపాకులలో 50 గ్రెయిన్ల పెల్లెట్లు రెండు, అంటే మొత్తం 100 గ్రెయిన్లు, బాగా స్థిరపడిన మోతాదు. మూడు వేసి 150కి వెళ్లవచ్చని కొన్ని తుపాకుల తయారీదారులు అనుమతిస్తారు. అలా రాతపూర్వకంగా అనుమతించని తుపాకిలో మూడోది వేయడం ప్రాణంతో చెలగాటమే.

అనుమతి ఉన్న తుపాకిలోనైనా మూడు అవసరమా అన్నది వేరే ప్రశ్న. మూడో పెల్లెట్ వల్ల వేగం పెరుగుతుంది గానీ వేసిన మందుకు తగినంత పెరగదు. మందులో కొంత భాగం బ్యారెల్ బయటే కాలిపోతుంది. భుజానికి తగిలే తాపు, మిగిలే మసి మాత్రం గట్టిగా పెరుగుతాయి. చాలా తుపాకులలో లక్ష్యం మీద గుండ్లు తగిలే గుంపు కూడా విశాలమవుతుంది. దట్టమైన అడవిలో తెల్లతోక జింకను చాలామంది 100 గజాలలోపే కొడతారు. ఆ దూరానికి రెండు పెల్లెట్లు పుష్కలం. ముందు రెండింటితో కాగితపు లక్ష్యం మీద గుంపు ఎలా వస్తుందో చూడండి; నచ్చకపోతే పెల్లెట్ల సంఖ్య కంటే గుండును, సాబో అనే ప్లాస్టిక్ తొడుగును మార్చి చూడడం మంచి దారి.

పెల్లెట్‌ను సగానికి విరిచి మోతాదు సర్దుకోవచ్చా?

విరవకూడదు, కోయకూడదు, నలపకూడదు. ముక్కలైన పెల్లెట్ కాలే తీరు మారిపోతుంది, ఒత్తిడి అంచనాకు అందదు. 30 గ్రెయిన్ల పెల్లెట్లు కూడా తయారయ్యాయి కాబట్టి, తుపాకి తయారీదారు అనుమతిస్తే 50, 30 కలిపి 80 చేసుకోవచ్చు. 85 కావాలి, 92 కావాలి అనుకునేవారికి పొడి మందే గతి. పెల్లెట్ల సౌలభ్యానికి మనం చెల్లించే అసలు మూల్యం ఇదే. ప్రతి తుపాకికీ తనకు నచ్చే మోతాదు ఒకటి ఉంటుంది, అది యాభైల లెక్కలో ఉండాలన్న నియమం లేదు.

ఫ్లింట్‌లాక్‌లో, పాత తరహా పక్క సుత్తి తుపాకిలో ఇవి పనిచేస్తాయా?

ఫ్లింట్‌లాక్‌లో పనిచేయవనే అనుకోండి. చెకుముకి రాయి నుంచి రాలే రవ్వ, గిన్నెలోని మందు అంటుకుని పక్క రంధ్రం గుండా లోపలికి పోయే చిన్న మంట పెల్లెట్‌కు చాలవు. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ మరునాటి నుంచి మొదలయ్యే ప్రసిద్ధమైన ఫ్లింట్‌లాక్ సీజన్‌లో వేటాడేవారు ఇప్పటికీ అసలు బ్లాక్ పౌడర్‌నే నమ్ముకోవడానికి కారణం ఇదే.

పక్క సుత్తితో పెర్కషన్ క్యాప్‌ను కొట్టే తుపాకిలో మంట మలుపు తిరిగి లోపలికి వెళ్లాలి. పెల్లెట్ ఒక్కోసారి అంటుకుంటుంది, ఒక్కోసారి అంటుకోదు. వేటలో అలాంటి అనుమానానికి చోటివ్వకూడదు. 1985లో టోనీ నైట్ రూపొందించిన ఎంకే-85 తరువాత జనాదరణ పొందిన ఇన్‌లైన్ తుపాకులలో ప్రైమర్ నేరుగా మందు వెనకే కూర్చుంటుంది. పెల్లెట్లు ఆ తుపాకుల కోసం పుట్టినవే. షాట్‌గన్‌లకు వాడే 209 ప్రైమర్ మంట వాటికి సరిపోతుంది.

పెల్లెట్లను కూరే సరైన పద్ధతి ఏమిటి?

మొదట తుపాకి ఖాళీగా ఉందని ర్యామ్‌రాడ్ అనే కూరే కడ్డీతో తేల్చుకోవాలి. ఖాళీ బ్యారెల్‌లో కడ్డీ ఎంతవరకు దిగుతుందో, సరైన మోతాదు కూరాక ఎంతవరకు దిగుతుందో రెండు చోట్ల గీతలు పెట్టుకుంటే ఆ కడ్డీయే మీకు కొలబద్ద. రెండు సార్లు మందు వేయడం, మందు మరిచి గుండు వేయడం అనే రెండు పొరపాట్లనూ ఆ గీతలు పట్టిస్తాయి.

తరువాత బ్యారెల్‌లోని నూనెను పొడి గుడ్డతో పూర్తిగా తుడవాలి. నిల్వ కోసం రాసిన నూనె అడుగున బొట్టుగా చేరితే పెల్లెట్ దానిని పీల్చుకుంటుంది, ఆ తరువాత ప్రైమర్ ఎంత మంచిదైనా ఉపయోగం ఉండదు. బ్రీచ్ ప్లగ్ రంధ్రంలోంచి వెలుతురు కనిపిస్తోందో లేదో కూడా చూసుకోవాలి.

పెల్లెట్‌ను వేళ్లతో పట్టుకుని అంచులు చూడండి. సీసాలో అటూ ఇటూ దొర్లినవాటి అంచులు చిట్లి, వేలికి బూడిద రంగు పొడి అంటుకుంటుంది. అలాంటిదాన్ని సాధనకు కూడా వాడకపోవడమే మంచిది. తుపాకి మూతిని ముఖానికి దూరంగా, సురక్షిత దిశలో ఉంచి పెల్లెట్లను ఒకదాని తరువాత ఒకటి జారవిడవాలి. పైరోడెక్స్ అయితే నల్ల చివర కిందికి. ఆపైన గుండును మూతిలో పెట్టి, చిన్న కడ్డీతో కొద్దిగా దించి, ర్యామ్‌రాడ్‌తో ఒకే బిగువున కిందికి తోయాలి. గుండు మందుకు ఆనిందని చేతికి తెలుస్తుంది, అక్కడితో ఆగాలి. కడ్డీని ఎగరేసి దంచడం చాలామందికి అలవాటు, కానీ ఆ దెబ్బలకు పెల్లెట్ నలిగి పొడిగా మారుతుంది, మధ్య రంధ్రం మూసుకుపోతుంది. దీనికి విరుద్ధమైన పొరపాటు మరింత ప్రమాదం: గుండుకూ మందుకూ మధ్య ఖాళీ మిగిలితే గుండు అడ్డుగా మారి బ్యారెల్ ఉబ్బవచ్చు, పగలవచ్చు. చివరగా, వేటకు కూర్చున్న చోటికి చేరాకే ప్రైమర్ పెట్టాలి.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే ఏం చేయాలి?

తుపాకిని దించకండి. మూతిని సురక్షిత దిశలోనే ఉంచి కనీసం ఒకటి రెండు నిమిషాలు ఆగండి, ఎందుకంటే లోపల కణకణలాడుతున్న మందు ఆలస్యంగా పేలవచ్చు. ఆ తరువాత ప్రైమర్ మార్చి మరోసారి ప్రయత్నించండి. అప్పటికీ పేలకపోతే ప్రైమర్ తీసేసి, మాన్యువల్ ప్రకారం మందును, గుండును బయటికి తీయాలి. ఈ పనికి కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడితో గుండును బయటికి తోసే పరికరాలు దొరుకుతాయి. పేలని తుపాకి మూతిలోకి తొంగి చూడడం గురించి వేరే చెప్పనక్కర్లేదు.

మొదటిసారి బాగానే దిగిన గుండు రెండోసారి మధ్యలో బిగుసుకుపోతోంది, కారణం ఏమిటి?

ట్రిపుల్ సెవెన్ వాడేవారు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. మందు ఉన్న చోటికి కాస్త పైన, గుండు కూర్చునే ప్రాంతంలో గాజులా గట్టిపడిన మసి వలయం ఏర్పడుతుంది. కడ్డీ సాఫీగా దిగుతూ చివరి అంగుళంలో హఠాత్తుగా గరుకుగా ఆగినట్టు అనిపిస్తే అది ఈ వలయమే. అక్కడ బలం ప్రయోగించకూడదు, ఆగిపోయిన గుండుతో పేల్చకూడదు. ప్రతి పేలుడు తరువాత కొద్దిగా తడిపిన గుడ్డను రెండు వైపులా తిప్పి దించి తీసి, వెంటనే పొడి గుడ్డ వేస్తే వలయం పేరుకోదు. బాగా వేడి పుట్టించే ప్రైమర్లతో ఇది ఎక్కువవుతుందని గమనించిన తయారీదారులు మజిల్‌లోడర్ల కోసమే మంట తీవ్రత తగ్గించిన 209 ప్రైమర్లు తెచ్చారు. వేటలో సాధారణంగా అవసరమయ్యేది ఒక్క పేలుడే కాబట్టి ఈ ఇబ్బంది అడవిలో కంటే సాధన మైదానంలోనే ఎక్కువగా విసిగిస్తుంది.

శుభ్రం చేయడం మరునాటికి వాయిదా వేయవచ్చా?

వద్దు. పైరోడెక్స్ మసిలో మిగిలే లవణాలు గాలిలోని తేమను పీల్చుకుని, ఒక్క రాత్రిలోనే ఉక్కును తినడం మొదలుపెడతాయి. బ్రీచ్ ప్లగ్ విప్పి, సబ్బు కలిపిన వేడినీటితో బ్యారెల్‌ను కడిగి, పూర్తిగా ఆరబెట్టి, పల్చగా నూనె రాయాలి. గంధకం లేని పెల్లెట్లకు నీరు చాలు, కానీ గంధకం లేదంటే తుప్పు పట్టదని అర్థం కాదు. బ్రీచ్ ప్లగ్ మరలకు గ్రీజు రాయడం మరిస్తే తరువాత దానిని ఊడదీయడం పెద్ద యుద్ధం.

కూరిన తుపాకిని రాత్రంతా అలాగే ఉంచవచ్చా?

కొందరు ప్రైమర్ మాత్రం తీసేసి మరునాటికి అలాగే ఉంచుతారు. చలిలో తిరిగిన తుపాకిని వెచ్చని గదిలోకి తెస్తే లోపల తేమ చేరి పెల్లెట్లు చెడతాయి కాబట్టి, బయట చలిలోనే, తాళం వేసిన చోట, పిల్లలకు అందకుండా ఉంచితేనే ఆ పద్ధతి పనికొస్తుంది. చాలా రాష్ట్రాల చట్టం ప్రైమర్ తీసిన మజిల్‌లోడర్‌ను ఖాళీ తుపాకిగానే లెక్కిస్తుంది, అన్ని రాష్ట్రాలూ కాదు. నా మట్టుకు నేను రోజు ముగిశాక మట్టి గట్టు వైపు పేల్చి, తుపాకి కడిగి పడుకోవడాన్నే ఇష్టపడతాను. రెండు పెల్లెట్ల ఖర్చుతో నిద్ర దొరుకుతుంది.

పెల్లెట్లు అన్ని రాష్ట్రాల మజిల్‌లోడర్ సీజన్లలో చెల్లుతాయా?

చెల్లవు, పెట్టె కొనే ముందు తేల్చుకోవలసిన విషయం ఇదే. కొలరాడో మజిల్‌లోడర్ సీజన్‌లో పెల్లెట్లు నిషిద్ధం. పొడి మందే వాడాలి. సాబోలు, టెలిస్కోప్ కూడా అక్కడ కుదరవు. ఐడహోలో కేవలం మజిల్‌లోడర్లకే కేటాయించిన వేటలలోనూ పెల్లెట్లకు అనుమతి లేదు. ఆ సీజన్లు పాతకాలపు వేట పద్ధతిని కాపాడడానికి పెట్టినవి, వేటగాడికి కొంత కష్టం ఉండాలన్నదే వాటి ఉద్దేశం అని ఆ రాష్ట్రాల వాదన. అందులో న్యాయం ఉంది. మరోవైపు తూర్పు, మధ్య పడమటి రాష్ట్రాలలో చాలాచోట్ల ఇన్‌లైన్ తుపాకి, పెల్లెట్లు, టెలిస్కోప్ అన్నీ చెల్లుతాయి. పొరుగు రాష్ట్రంలో వేటకు వెళ్లేవారు ఆ రాష్ట్రపు వేట నియమాల పుస్తకాన్ని ఆ సంవత్సరానిదే తెరిచి చూడాలి.

ఫైర్‌స్టిక్ కూడా పెల్లెట్ కిందికే వస్తుందా?

రాదు. 2020లో ఫెడరల్ ప్రీమియం తెచ్చిన ఫైర్‌స్టిక్‌లో మందును ప్లాస్టిక్ గొట్టంలో బిగించి ఉంచుతారు. ట్రడిషన్స్ నైట్రోఫైర్ తుపాకిలో దానిని వెనుక నుంచి పెడతారు, గుండును మాత్రం మూతి నుంచే దింపాలి. తేమ తగలదు, ఖాళీ చేయడం తేలిక. కానీ మందు మూతి నుంచి వేయనిది మజిల్‌లోడర్ ఎలా అవుతుందన్న వాదన ఉంది, అందుకే రాష్ట్రానికో తీర్పు. ఇది కొనే ముందు వేట శాఖను అడగడం తప్పనిసరి.

పెల్లెట్లు దొరకనప్పుడు మామూలు రైఫిల్ తూటాలలోని స్మోక్‌లెస్ మందు కొద్దిగా వాడవచ్చా?

కొద్దిగా కూడా వాడకూడదు. దానికోసం ప్రత్యేకంగా తయారుకాని మజిల్‌లోడర్‌లో స్మోక్‌లెస్ మందు పుట్టించే ఒత్తిడికి బ్యారెల్ చీలిపోతుంది. పెల్లెట్లతో కలిపినా అంతే.

హెచ్-1బీ వీసాపై ఉన్న మనవాళ్లు మజిల్‌లోడర్ కొనవచ్చా?

తాత్కాలిక వీసాపై ఉన్నవారు తుపాకులు, తూటాలు కలిగి ఉండడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. బ్లాక్ పౌడర్ లేదా ప్రత్యామ్నాయం కోసమే తయారై, మామూలు తూటాలు పేల్చలేని మజిల్‌లోడర్లను అదే చట్టం పురాతన తరహా ఆయుధాలుగా పక్కన పెడుతుంది. అయితే అన్ని మోడళ్లూ ఆ నిర్వచనంలోకి రావు. బ్యారెల్ మార్చి మామూలు రైఫిల్‌గా వాడగలిగేవి రావు. పైగా రాష్ట్ర చట్టాలు వేరు. మన తెలుగువారు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో మజిల్‌లోడర్‌కు కూడా కొనుగోలుదారు గుర్తింపు కార్డు కావాలి. టెక్సాస్‌లో పద్ధతి పూర్తిగా వేరు. వలస హోదాతో ముడిపడిన విషయం కాబట్టి స్నేహితుల మాట మీద కాకుండా న్యాయవాది సలహా మీద ముందుకు వెళ్లండి.

విమానంలో పెల్లెట్లు తీసుకెళ్లవచ్చా?

చేతి సామానులోనూ కుదరదు, చెకిన్ సామానులోనూ కుదరదు. బ్లాక్ పౌడర్‌కు ఉన్న నిషేధమే ప్రత్యామ్నాయాలకూ వర్తిస్తుంది. వేటకు వెళ్లే ఊళ్లోనే కొనుక్కోవాలి. ఆ ఊళ్లో మీరు అలవాటుపడిన రకం దొరుకుతుందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. వేరే రకం మందుతో గుండు వేరే చోట తగులుతుంది.

మన ఊళ్లలోని నాటు తుపాకీలకు ఇవి పనికొస్తాయా?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం భారతదేశంలో వేట నేరం. లైసెన్సు లేని నాటు తుపాకీ కలిగి ఉండడం ఆయుధాల చట్టం కింద మరో నేరం. ఈ సమాధానాలన్నీ చట్టబద్ధంగా వేట సాగే అమెరికాకు సంబంధించినవి మాత్రమే.

గత సీజన్‌లో మిగిలిన పెల్లెట్లను వాడవచ్చా?

మూత బిగించిన అసలు డబ్బాలో, పొడిగా, చల్లగా ఉన్నవైతే వాడవచ్చు. తెరిచిన డబ్బాను గ్యారేజీలో వేసవంతా వదిలేస్తే అంచులు రాలుతాయి, తేమ పట్టి బలం తగ్గుతుంది. అనుమానం ఉన్నవాటిని పక్కన పెట్టి, జింక కోసం కొత్త డబ్బా తెరవండి. పెల్లెట్లను వేరే సీసాలోకి మార్చకండి, రెండు రకాలను ఒకే డబ్బాలో కలపకండి. ఏడాది తరువాత చూస్తే ఏది ఏ రకమో గుర్తుపట్టలేరు. పూర్తిగా చెడినవాటిని చెత్తబుట్టలో వేయకుండా, ప్రమాదకర వ్యర్థాలను తీసుకునే స్థానిక కేంద్రానికి గానీ అగ్నిమాపక శాఖకు గానీ ఫోన్ చేసి, వారు చెప్పినట్టు అప్పగించాలి.